మూడో బల్లకు ఒక తుపాకీ

రేవిన్ కోస్టిగన్‌కు యాభై మూడో ఏట తుపాకీ కొనుక్కోవాలన్న బుద్ధి పుట్టింది. అంతకుముందు పుట్టలేదని కాదు. పుట్టినప్పుడల్లా ఎవరో ఒకరు టీ పెట్టమనేవారు, ఆ బుద్ధి అక్కడితో ఆగిపోయేది.

రాస్ ఊళ్ళో ఆవిడను ఎరగనివాళ్ళు లేరు. పడమటి తీరం రోడ్డు మీద బడి బస్సు నడుపుతూనే జుట్టు నెరిసింది. ఒకప్పుడు ఆ బస్సులో ఏడ్చిన పిల్లలు ఇప్పుడు తమ పిల్లల్ని అదే బస్సెక్కించి ఏడవొద్దని చెబుతున్నారు. పెళ్ళి చేసుకోలేదు. చేసుకుంటానన్నవాడొకడు గని పనికని ఆస్ట్రేలియా వెళ్ళి, ఇక్కడ ఎండ బాగుంది, వచ్చెయ్ అని కబురు పంపాడు. ఇక్కడ వాన బాగుంది అని ఆవిడ తిరుగు కబురు పంపింది. అంతటితో ఆ వ్యవహారం ముగిసింది, ఎవరూ ఏడవలేదు.

బస్సు కాక ఆవిడకున్న రెండో పని మాంసం. అన్న డెనిస్ కొండ మీంచి మోసుకొచ్చిన ప్రతి దుప్పినీ తన షెడ్డులో వేలాడదీసి, తోలు ఒలిచి, ఎముక తీసి, పొట్లాలు కట్టేది. కండలో ఇరుక్కున్న తూటాలు దొరికితే కడిగి జామ్ సీసాలో వేసి కిటికీలో పెట్టేది. ఎందుకూ అంటే ఏం లేదు, పారేయడానికి మనసొప్పక. ఆవిడది ఎడమచేతి వాటం. బడిలో సిస్టర్లు బెత్తంతో ఆ చేతిని దారిలో పెట్టారు గానీ, అది కలం వరకే దారిలో ఉంది. కత్తి పట్టుకుంటే మళ్ళీ తన దారి తనదే.

కోస్టిగన్‌లకు నది ఎగువన ఒక రేకుల గుడిసె ఉంది. తెల్లారి బయల్దేరి రాళ్ళమీద పడుతూ లేస్తూ నడిస్తే చీకటి పడేలోగా చేరొచ్చు. భూమికి ఆ కొసన వేసవి ముగిసి ఏప్రిల్‌లో చలి తిరగ్గానే మగదుప్పులకు మదమెక్కి లోయంతా దద్దరిల్లేలా రంకెలు వేస్తాయి. ఆ రంకెల కాలంలో కొన్నాళ్ళు మగవాళ్ళ మకాం అక్కడే. గుడిసెలో పడుకోవడానికి మూడు బల్లలు. వాటికి తండ్రి మిక్ కోస్టిగన్ పెట్టిపోయిన చట్టం ఒకటి ఉంది: సొంత తుపాకీతో దుప్పిని కొట్టినవాడికి బల్ల, కొట్టనివాడికి నేల. పైగా ఒక ఏడు కొట్టిన దుప్పి పై ఏటి వరకే చెల్లుతుంది. పోయినేడు వట్టి చేతులతో కొండ దిగినవాడు ఈ ఏడు నేల మీద మొదలుపెట్టాలి, దుప్పి పడ్డాకే బల్ల ఎక్కాలి. నేలంటే తడి మట్టి, దాని మీద ఎలుకలు. మిక్ పోయి చాలా ఏళ్ళయింది. ఆ ఇంట్లో తరవాత అన్ని నియమాలూ సడలాయి, చర్చికి వెళ్ళడంతో సహా, ఇది మాత్రం సడలలేదు.

మూడు బల్లల్లో పొయ్యి పక్కది డెనిస్‌ది. రెండోది రావిరిది. రావిరి ఆ దేశపు మూలవాసి, మావోరీ, డెనిస్‌కి బడి నాటి స్నేహితుడు, ఇద్దరికీ రోడ్డు పనిలో ఒకే జట్టు. మూడోది పెదనాన్న కొడుకు ఫ్రాంక్‌ది. ఆ ఏడు ఫ్రాంక్ మోకాళ్ళు రెండూ అరిగిపోయి, డాక్టరు మెట్లు కూడా ఎక్కొద్దన్నాడు. మూడో బల్ల ఖాళీ పడింది.

ఒక ఆదివారం భోజనాల దగ్గర డెనిస్ ఆ సంగతి ఎత్తాడు. రోడ్డు పనిలో ఐవన్ అని ఒకడున్నాడట, మంచివాడట, వాడి దగ్గర తనకున్నట్టే లావు తూటాల పెద్ద మాగ్నమ్ రైఫిల్ ఉందట, వాణ్ణి తీసుకెళతాడట. రేవిన్ కాల్చిన బంగాళాదుంపల పళ్ళెం బల్ల మీద పెట్టి, కూర్చోకుండానే అంది.

"ఆ చోటు నాకు కావాలి, డెన్."

డెనిస్ దుంప ఊదుకుంటూ, "ఏ చోటు?" అన్నాడు.

"ఫ్రాంక్ చోటు."

డెనిస్ దుంప తిన్నాడు. ఇంకోటి వేసుకున్నాడు. నాన్న చట్టంలో ఆడవాళ్ళ మాటే లేదే అన్నాడు. వద్దన్న మాట కూడా లేదని రేవిన్ అంది. అదీ నిజమే. అలాంటి రోజొకటి వస్తుందని మిక్‌కు తోచి ఉండదు.

"తుపాకీ ఏదే మరి నీకు?"

"కొంటాను."

"కొంటే మంచిది కొను. గట్టిది. బొమ్మ తుపాకీ పట్టుకొచ్చావంటే నది దగ్గర్నుంచే ఇంటికి పంపేస్తా." ఇంకా కోపం తీరక మరో మాట కలిపాడు. ఈ ఒక్క ఏడే అవకాశం, దిగేలోగా దుప్పిని కొట్టలేకపోతే పై ఏడు ఐవన్ వస్తాడు, మళ్ళీ ఈ ఊసు ఎత్తకూడదు. రేవిన్ సరేనంది.

ఆవిడకు అది ఆటవిడుపు సరదా కాదు. తండ్రి డెనిస్‌ని పన్నెండో ఏటే కొండకు తీసుకుపోయాడు. ఆవిడను గేటు వేసి లోపలికి పొమ్మన్నాడు. ఆ గేటు వేసిన చేత్తోనే ఇన్నేళ్ళూ ఆ లోయ మాంసం కోసింది, ఎవరికి ఏ దుప్పి ఎక్కడ పడిందో కథలన్నీ విన్నది, ఆ రంకె మాత్రం ఒక్కసారి చెవులారా వినలేదు. అది తలుచుకుంటే ఆవిడకు ఒళ్ళు మండేది. చావుకు ముందు వినాలి, తన చేత్తో ఒక దుప్పిని దించాలి, ఆ బల్ల మీద ఒక్క రాత్రైనా పడుకోవాలి. అంతే.

రేవిన్ తుపాకీ కొంటుందన్న మాట ఊళ్ళో పడ్డాక ఇక ఆవిడ సలహా అడగాల్సిన పని లేకపోయింది. పెట్రోలు బంకువాడు రెండు డెబ్భై సైజు తూటాది తప్ప వేరేది తుపాకీయే కాదన్నాడు. చర్చి మెట్ల మీద ఇద్దరు ముసలివాళ్ళు యుద్ధం నాటి త్రీ నాట్ త్రీ గురించి కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. పబ్బులో త్రీ నాట్ ఎయిట్ వాళ్ళూ రెండు డెబ్భై వాళ్ళూ రెండు జట్లుగా విడిపోయి, చివరికి ఆవిడ సంగతి మరిచిపోయి తమలో తాము తగువులాడుకున్నారు. బస్సు దగ్గరికి పిల్లల్ని దించడానికొచ్చిన తల్లి ఒకామె మాత్రం, మా ఆయన తుపాకీ పేలినప్పుడల్లా వెనక్కి తన్నే తన్నుడికి ఆయన భుజం నలిగి చేపల అట్టులా అయింది, చూసుకో అక్కా అంది. అన్నింట్లోకీ పనికొచ్చిన మాట అదొక్కటే.

తుపాకీకి ముందు లైసెన్సు. లైసెన్సు కావాలంటే పోలీసులు పంపిన మనిషి ఇంటికొచ్చి మనల్ని ప్రశ్నిస్తాడు, తరవాత మన దగ్గరి బంధువును విడిగా ప్రశ్నిస్తాడు: ఈ మనిషి తాగుతుందా, కోపిష్టా, చేతికి తుపాకీ ఇస్తే మీకు భయమా అని. రేవిన్‌కు దగ్గరి బంధువు డెనిస్ ఒక్కడే. ఆ పెద్దమనిషి డెనిస్ వంటింట్లో కూర్చుని మొదటి ప్రశ్న వేశాడు. డెనిస్ తన మాగ్నమ్ గురించి మొదలుపెట్టాడు. టీ అయింది, స్కోన్ రొట్టెలు అయ్యాయి, బీరు కూడా అయింది. రెండో ప్రశ్న వేసే సందు దొరకలేదు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో నిలబడి, ఇంతకీ మీ చెల్లెలు ఎలాంటిది అని అడిగాడు. "ఎవరు, రేవినా? బస్సు నడుపుతుంది" అన్నాడు డెనిస్. లైసెన్సు వచ్చింది. చట్టప్రకారం ఇనప బీరువా ఒకటి బట్టలుతికే గదిలో గోడకు బిగించి, అందులో పెట్టడానికి ఏమీ లేక కొన్నాళ్ళు దుప్పట్లు పెట్టుకుంది.

తరవాత డెనిస్ తన మాగ్నమ్ రుచి చూపిస్తానని ఆవిడను నది ఒడ్డుకు తీసుకెళ్ళాడు. రావిరి తోడొచ్చాడు. దూరంగా గట్టుకు ఆనించి అట్టపెట్టె పెట్టారు. ఆ తుపాకీ పొడుగూ బరువూ చూస్తే కంచె గుంజ గుర్తొచ్చింది రేవిన్‌కు. పైగా కుడిచేతి వాటం వాళ్ళకు చేసినది, తూటాను లోపలికి తోసే బోల్టు అవతలి పక్కనుంది. సర్దుకుని మీట నొక్కింది. భుజం ఎక్కడికో వెళ్ళి తిరిగొచ్చినట్టయింది. తుపాకీ మీది దుర్భిణి అంచు వెనక్కి వచ్చి కనుబొమ్మ మీద నెలవంకలా కోసింది. రక్తం చూసి డెనిస్ సంతోషించాడు. తన కనుబొమ్మ మీద గాటు చూపించి, అందరికీ అవుతుంది, తన్నిందంటే బలం ఉన్నట్టే అన్నాడు. అతని లెక్కలో తన్నని తుపాకీ తాగినా ఎక్కని బీరుతో సమానం.

ఇప్పుడు చూడు అంటూ తుపాకీ తను తీసుకున్నాడు. రేవిన్ కనుబొమ్మకు గుడ్డ అదుముకుని పక్కనే నిలబడింది. ఒకటి పేలింది, రెండోది పేలింది. మూడోది లోపల లేదన్న సంగతి డెనిస్ మరిచిపోయాడు. బోల్టు లాగి మూశాడు, గురి పెట్టాడు, మీట నొక్కాడు. టిక్కుమని చప్పుడు, అంతే. తుపాకీ తన్నలేదు. డెనిస్ మాత్రం తన్నించుకున్నాడు. కళ్ళు గట్టిగా మూసుకుపోయాయి, భుజం వెనక్కి ఎగిరింది, తుపాకీ మూతి కిందికి దిగి ముందున్న రాళ్ళను చూసింది. ఎవరైనా కొట్టడానికి చెయ్యి ఎత్తితే బెదిరే పసివాడిలా ముడుచుకుపోయాడు. రేవిన్ వెంటనే నది వైపు తిరిగింది. రావిరి అప్పటికే ఆకాశం చూస్తూ వాన వచ్చేలా ఉందన్నాడు. ఆ తీరంలో ఆ మాట ఎప్పుడన్నా నిజమే. అట్టపెట్టెకు డెనిస్ తూటా ఒక్కటీ తగల్లేదు.

"దుర్భిణి జరిగింది" అన్నాడు డెనిస్. ఆడలేక మద్దెల ఓడన్నాడట.

ఇంటికొచ్చి రేవిన్ కిటికీలోని జామ్ సీసా దించింది. అడుగున పాత రోజుల మాగ్నమ్ తూటాలు, లావువి, బోలెడు. పైకి వచ్చేకొద్దీ అన్నీ సన్నవి, రావిరి రెండు డెబ్భైవి. ఈ మధ్య ఏళ్ళవాటిలో లావుది ఒక్కటీ లేదు. అన్న తనదని మోసుకొచ్చిన దుప్పులు, ఆ కొమ్ముల కథలు, అన్నీ గుర్తొచ్చాయి. కోసింది తనే, కడిగింది తనే, అయినా ఇన్నేళ్ళూ కళ్ళుండీ చూడలేదు. మర్నాడు రావిరి మాంసం పొట్లం కోసం షెడ్డుకొస్తే సూటిగా అడిగేసింది, అన్న దుప్పుల్ని కొడుతున్నది నువ్వేనా అని.

రావిరి పొట్లాన్ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "ఇద్దరం ఒకేసారి కాలుస్తాం చెల్లెమ్మా. ఎవరిది తగిలిందో దుప్పికే తెలియాలి."

"వాడికి తెలుసా?"

"నేను అడగలేదు. వాడు చెప్పలేదు." గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "ఆ వయసులో వాణ్ణి నేల మీద పడుకోబెడతామా?"

రేవిన్‌కు నవ్వొచ్చింది, వెంటనే గుండె బరువెక్కింది. చెబితే అన్న పరువు పోతుంది. చెప్పకపోతే అన్న ఆ గడ్డపారలాంటి తుపాకీతో కళ్ళు మూసుకుని కాలుస్తూనే ఉంటాడు. ఏం చేయాలో తోచక సీసాను మళ్ళీ కిటికీలో పెట్టకుండా అలమార్లో దాచింది.

గ్రేమత్ పట్నంలో తుపాకుల కొట్టు ఆల్బీ స్నెడన్‌ది. డెనిస్ తోడొస్తానన్నాడు, వద్దంటే వినే రకం కాదు. ఆల్బీ డెనిస్‌ను చూస్తూ, ఆమెకి ఏం కావాలట అని అడిగాడు. ఆమె ఇక్కడే ఉంది, ఆమెనే అడుగు అంది రేవిన్. ఆల్బీ ఆవిడ వైపు తిరిగి, ఆమె చెప్పింది విని, మళ్ళీ డెనిస్ వైపు తిరిగి జవాబు చెప్పాడు. అలా కొంతసేపు గడిచింది. డెనిస్ చూపించినవన్నీ పొడుగువి, బరువువి. రేవిన్ ఒక్కోటీ భుజానికెత్తేది, మెడ సాచి దుర్భిణిలో చూపు కోసం వెతుక్కునేది, దించేది.

మూలన గోడకు ఆనించి పొట్టిది ఒకటుంది. అదేమిటంది. సెవెన్ ఓ ఎయిట్ తూటాది అనీ, ఎవరూ కొనలేదనీ ఆల్బీ చెప్పాడు. ఎడమచేతి వాటం చర్చి ఫాదరు ఒకాయన ప్రత్యేకంగా తెప్పించుకున్నాడట. తీరా అది వచ్చేసరికి బిషప్పు ఆయన్ను దుప్పి జాడ లేని చదును నేలకు బదిలీ చేశాడట. రేవిన్ తీసుకుంది. బోల్టు తన చేతి వైపే ఉంది. కళ్ళు మూసుకుని భుజానికి చేర్చి కళ్ళు తెరిచింది. దుర్భిణి నిండా వీధి అవతలి రొట్టెల కొట్టు బోర్డు, వెతుక్కోకుండానే. కత్తెర కానీ, డబ్బా మూత తీసేది కానీ, బస్సు గేరు కానీ, పుట్టి బుద్ధెరిగాక తన చేతి కోసం చేసిన వస్తువు ఆవిడ పట్టుకోవడం అదే మొదటిసారి. ఆల్బీ ముందు ఏడవడం ఇష్టంలేక దగ్గింది.

"చంటిపిల్లల తుపాకీ అది" అన్నాడు డెనిస్. "దాంతో కొడితే దుప్పి వెనక్కి తిరిగి, ఎవరు పిలిచారూ అంటుంది."

"పిట్ట కొంచెం కూత ఘనం, డెనిస్" అన్నాడు ఆల్బీ. అమ్ముడుపోని సరుకు కదలబోతోందన్న ఆనందంలో అతనికి న్యాయబుద్ధి పుట్టింది.

"దీంతో వస్తే నిన్ను గుడిసె గడప తొక్కనివ్వను."

"చట్టంలో సొంత తుపాకీ అన్నాడు నాన్న. లావు తుపాకీ అనలేదు" అంది రేవిన్. కొనేసింది. తిరుగు ప్రయాణంలో అన్నాచెల్లెళ్ళు దారిలోని హోకిటికా ఊరు దాటేదాకా మాట్లాడుకోలేదు. దాటాక కూడా వాన గురించే.

ఆ వేసవంతా బస్సు పని అవగానే పాత రాతి గనికి వెళ్ళి అట్టపెట్టెల్ని కాల్చింది. తుపాకీ భుజాన్ని తట్టేది, తన్నేది కాదు. కొన్ని వారాలకు అట్టలో చిల్లులన్నీ ఒక టీ సాసరు కింద దాగేటంత దగ్గరికొచ్చాయి.

ఏప్రిల్ వచ్చింది. ముగ్గురూ నదిరాళ్ళ మీద నడిచి గుడిసె చేరారు. రేవిన్ నేల మీద పరుపు పరుచుకుంది. ఎలుకలు వచ్చి చూసి వెళ్ళాయి. తెల్లవారుజామున లోయ పైనుంచి మొదటి రంకె వినబడింది. బొంగురుగా, పొడుగ్గా, కొండకే కడుపునొప్పి వచ్చినట్టు. ఆవిడ లేచి కూర్చుంది. కళ్ళనీళ్ళు కారిపోయాయి, తుడుచుకోలేదు. ఇన్నేళ్ళు దీన్ని వీళ్ళే విన్నారు, దొంగవెధవలు అనుకుంది.

ఆ పొద్దు రావిరి తనకు నడుం పట్టిందన్నాడు. అంతకుముందు రోజు అందరికంటే ముందు నడిచినవాడు అతనే. రేవిన్ అతని ముఖంలోకి చూసింది. అతను పొయ్యిలోకి చూశాడు. సరే, అన్నాచెల్లెళ్ళిద్దరే బయల్దేరారు.

డెనిస్‌కు కొండ మీద ఒక్కదాంట్లో తిరుగులేదు. అమ్మ పాత వాక్యూమ్ క్లీనర్ గొట్టం ముక్క ఒకటి నడుముకు వేలాడేసుకుంటాడు. దాన్ని నోటికి పెట్టి రంకె వేస్తే ఏ మగదుప్పీ ఊరుకోలేదు, తన మందలోకి ఇంకో మగడు వచ్చాడని మండిపడుతుంది. మెత్తటి నాచులో పాకుతూ కొండచరియ విరిగిపడిన బోడి చోటి అంచుకు చేరారు. డెనిస్ గొట్టం ఎత్తి ఊదాడు. అవతలి అడవిలోంచి జవాబు వచ్చింది. మళ్ళీ ఊదాడు, మళ్ళీ జవాబు, దగ్గరగా. కాసేపటికి చెట్లు చీల్చుకుని మగదుప్పి బయటికొచ్చింది, మెడ నిండా బురద, నోట్లోంచి ఆవిరి. పూర్తిగా బయట పడి కొమ్మూ కాలూ అన్నీ కనబడేదాకా ఇద్దరూ కదల్లేదు.

ఈ రంకె డెనిస్‌ది కనక మొదటి తూటా అతనిదే, అది కొండ మర్యాద. అతను మాగ్నమ్ ఎత్తాడు. రేవిన్ కూడా తన తుపాకీ భుజానికి చేర్చింది. దుర్భిణిలో దుప్పి ముంగాలి వెనక చోటు స్పష్టంగా ఉంది. అన్న మీట నొక్కిన క్షణానే తనూ నొక్కితే చాలు. దుప్పి అన్నది అవుతుంది, ఎవరి పరువూ పోదు. రావిరి ఇన్నేళ్ళూ చేసింది అదే, నడుం పట్టిందని ఈ పొద్దు తనకు అప్పగించిందీ అదే. పక్కకు చూసింది. డెనిస్ కళ్ళు మూసుకునే ఉన్నాయి. తుపాకీ ఇంకా పేలలేదు, ముఖం అప్పుడే ముడుచుకుంది. ఆవిడకు చచ్చేంత జాలేసింది. తన తుపాకీ దించేసింది.

మాగ్నమ్ పేలింది. వాళ్ళకూ దుప్పికీ మధ్యలో మట్టి లేచింది. మదంలో ఉన్న దుప్పికి ఒళ్ళు తెలియదు, ఆ చప్పుడు ఏ కొండ నుంచి వచ్చిందో దానికి అంతుబట్టక మెడ తిప్పుతూ అక్కడే నిలబడింది.

"దుర్భిణి జరిగింది" అన్నాడు డెనిస్. మాగ్నమ్‌ను నాచు మీద పెట్టేశాడు. "నువ్వు కొట్టు. బల్ల నీది" అన్నాడు.

దుప్పి నిలబడే ఉంది. ఇన్నేళ్ళ కోరిక ఎదురుగా నిలబడి ఉంది. రేవిన్ చేయి మారేటప్పుడు పేలకుండా బోల్టు వెనక్కి లాగి తెరిచి ఉంచి, తుపాకీని అన్న చేతికి ఇచ్చింది.

"ఇది తన్నదు, డెన్. కళ్ళు తెరిచే కొట్టొచ్చు."

డెనిస్ ఆవిడ ముఖంలోకి చూశాడు. దుప్పి సంగతి మరిచిపోయాడేమో అన్నంతసేపు చూశాడు. తిట్టబోతున్నాడనుకుంది రేవిన్. తిట్టలేదు. చంటిపిల్లల తుపాకీని భుజానికి చేర్చుకుని, తనకు అలవాటు లేని వైపునున్న బోల్టును చెయ్యి అటు చాపి, తడుముకుంటూ మూశాడు. కళ్ళు తెరిచే ఉంచాడు. తుపాకీ పేలింది, దుప్పి మోకాళ్ళ మీద కూలి పక్కకు ఒరిగిపోయింది. కాలు కూడా కొట్టుకోలేదు.

ఇద్దరూ కలిసి కోశారు, ఇద్దరూ చెరో తొడా మోశారు. దారిలో డెనిస్ ఒక్క మాటా అనలేదు. ఇతను నోరు మూసుకుని ఉండటం రేవిన్ పుట్టాక చూసింది అదే మొదలు. ఆవిడకు భయమేసింది.

గుడిసెలో రావిరి నడుం నొప్పి తగ్గిపోయి ఉల్లిపాయలు తరుగుతున్నాడు. కార్జం పెనంలో వేస్తూ, ఎవరిది అని అడిగాడు.

"నాది" అన్నాడు డెనిస్. పొయ్యి ముందు కూర్చుని తడి బూట్లు విప్పాడు. రెండో బూటు విప్పడం అయ్యాక, "రేవిన్ తుపాకీతో" అన్నాడు.

రావిరి కార్జం ముక్కల్ని ఒకటొకటిగా తిరగేశాడు. కడుపునిండా తిన్నారు. తిన్న పళ్ళెం కడిగి, డెనిస్ పొయ్యి పక్క బల్ల మీంచి తన పరుపు చుట్టేసి, దించి, రేవిన్ పరుపు పక్కన నేల మీద పరిచాడు.

"ఏం చేస్తున్నావురా?" అన్నాడు రావిరి.

"నాన్న చట్టం. దుప్పి పడింది నా తుపాకీకి కాదు." పరుపు సర్దుకుని కూర్చున్నాడు. రావిరి వైపు చూడకుండా అన్నాడు. "ఈ ఏడు కాదు, పోయినేడూ కాదు, అంతకుముందూ కాదు. నాకు తెలీదనుకున్నావా?"

"నువ్వు చెప్పలేదుగా" అన్నాడు రావిరి.

"నువ్వు అడగలేదుగా."

ఆ పూట మూడు బల్లల్లో రెండు ఖాళీ. అన్నాచెల్లెళ్ళిద్దరూ మట్టి మీద. తనొక్కడే బల్ల మీద పడుకున్న రావిరి నిద్ర పట్టక అటూ ఇటూ దొర్లుతూ, మీరిద్దరూ కలిసి నన్ను చంపుతున్నారు అని గొణిగాడు.

మర్నాడు పొద్దున్నే డెనిస్ మాగ్నమ్‌ను గోడ మేకుకే వదిలేశాడు. వాక్యూమ్ క్లీనర్ గొట్టం ఒక్కటే తీసుకున్నాడు. పద, నేను పిలుస్తా, నువ్వు కొట్టు అన్నాడు చెల్లెలితో. ఆ రోజు పొద్దు వాలేదాకా ఆ పెద్దమనిషి చెల్లెలి వెనక నాచులో పాకి, గొంతు పోయేదాకా రంకెలు వేశాడు. చివరికి వచ్చింది గొప్ప కొమ్ములదేమీ కాదు, కుర్రదుప్పి, ఎవరు పిలిచారో చూద్దామన్నట్టు వచ్చింది. రేవిన్ తడుముకోకుండా గురి చూసింది, ఊపిరి సగం వదిలింది, మీట నొక్కింది. అది పడ్డచోటికి వెళ్ళి దాని మెడ మీద ఎడమచెయ్యి వేసి కూర్చుంది. డెనిస్ దూరంగా నిలబడి టోపీ తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.

రావిరి వాళ్ళ ఇంటి ఆచారం ఒకటి మిక్ కాలం నుంచీ గుడిసెలో పాతుకుపోయింది. ఎవరి జీవితంలోనైనా తొలి వేట మాంసం వేటాడినవాళ్ళ నోటికి కాదు, పక్కవాళ్ళకు పంచాలి. అందుకని ఆ సాయంత్రం మగవాళ్ళిద్దరూ రేవిన్ దుప్పి గుండె వేయించుకుని తింటుంటే, ఆవిడ డబ్బా చిక్కుళ్ళు చెంచాతో తిన్నది. అంత రుచైన చిక్కుళ్ళు ఎన్నడూ తినలేదని తరవాత బస్సులో పిల్లలకు కూడా చెప్పింది. ఒక తొడ ఫ్రాంక్‌కు తీసి పెట్టారు, మోకాళ్ళు లేకపోయినా పళ్ళున్నాయి కనక.

తిన్నాక ఆవిడ మూడో బల్ల ఎక్కింది. పలక ఒకటి విరిగి నడుం కింద గుచ్చుకుంటోంది. ఫ్రాంక్ ఇన్నేళ్ళూ చెప్పనేలేదు. కింద డెనిస్ పరుపు దులుపుకుని మళ్ళీ నేల మీదే పడుకోబోతున్నాడు. పొయ్యి పక్క బల్ల ఖాళీగా, వెచ్చగా ఉంది.

"ఐవన్‌కి చెప్పేస్తాలే, చోటు లేదని" అన్నాడు పైకి చూడకుండా.

"చెప్పు. ముందు నువ్వు నీ బల్ల ఎక్కు డెన్. నడుం పట్టేస్తుంది."

"ఇప్పుడు కాదు. తుపాకీ కొన్నాక."

డెనిస్ దుప్పటి మీదికి లాక్కుని అటు తిరిగి, కాసేపయ్యాక అడిగాడు, ఆల్బీ దగ్గర అలాంటిదే కుడిచేతి వాటానికి ఉంటుందంటావా అని.